పన్నెండు లక్షల కాపీల మీద తప్పుడు తీర్పు

వీడియో గేములు ఆడేవాళ్లలోనూ, వాటి గురించి రాసేవాళ్లలోనూ ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. పెద్ద టీవీ ముందు కూర్చుని ఆడాల్సిన కత్తియుద్ధపు ఆటలను చేతిలో పట్టే చిన్న యంత్రంలోకి దించితే నీరుగారిపోతాయట. పేరు చూసి జనం మొదటిసారి కొన్నా రెండోసారి మొహం చాటేస్తారట. సాక్ష్యం అడిగితే రెండు అంకెలు ముందు పెడతారు. గాడ్ ఆఫ్ వార్ వరుసలో సోనీ చేతి యంత్రం పీఎస్పీ కోసం 2008లో వచ్చిన చైన్స్ ఆఫ్ ఒలింపస్ 32 లక్షల కాపీలు అమ్ముడైంది. అదే యంత్రానికి 2010లో వచ్చిన ఘోస్ట్ ఆఫ్ స్పార్టా 12 లక్షల కాపీలే అమ్ముడైంది. సగం కూడా మిగల్లేదు కదా, ఇంకేం రుజువు కావాలి అంటారు.

ఈ రుజువు చెల్లదని నా వాదన. ఆ రెండు అంకెలూ నిజమైనవే, వాటి మీద కట్టిన తీర్పే అబద్ధం. ఆ తీర్పును పరిశ్రమ నమ్మింది, విలేఖరులు నమ్మారు, చివరికి ఆ ఆటలను ప్రేమించిన వాళ్లు కూడా తలదించుకుని ఒప్పుకున్నారు. దాంతో గేముల తయారీలో ఒక మంచి పనితనానికి దారి మూసుకుపోయింది. అందుకే దీన్ని ఇన్నేళ్ల తర్వాత కూడా ఖండించక తప్పదు.

ఈ ఆటలతో పరిచయం లేని పాఠకులకు రెండు మాటలు. హాక్ అండ్ స్లాష్ అనే జాతి ఆటల్లో ఒక వీరుడు ఉంటాడు, ఎదురుగా గుంపులు గుంపులుగా శత్రువులు ఉంటారు. కత్తో గొలుసో పట్టుకుని దెబ్బ వెంట దెబ్బ లంకె వేసుకుంటూ దూసుకుపోవాలి. డెవిల్ మే క్రై, నింజా గైడెన్, డైనాస్టీ వారియర్స్, గాడ్ ఆఫ్ వార్ ఈ కోవలోవే. బటన్ నొక్కిన క్షణానికీ తెర మీద కత్తి కదిలే క్షణానికీ మధ్య రెప్పపాటు ఆలస్యం ఉన్నా ఇలాంటి ఆట చచ్చిపోతుంది. బలమైన ప్రాసెసర్ కావాలి, చేతికి అలవాటైన బటన్లు కావాలి. వీటిని చిన్న యంత్రంలోకి తేవడం కష్టమన్న మాట నిజం. కష్టమైన పనిని సాధించిన వాళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కలేదన్నదే నా బాధ.

ముందు అంకెల సంగతి తేలుద్దాం. 32 లక్షలు, 12 లక్షలు అనే ఈ రెండూ 2012 జూన్ నాటి లెక్కలు. చైన్స్ ఆఫ్ ఒలింపస్ అమెరికాలో అంగళ్లకు వచ్చింది 2008 మార్చి 4న. ఘోస్ట్ ఆఫ్ స్పార్టా వచ్చింది 2010 నవంబర్ 2న. అంటే మొదటి ఆట లెక్క తీసేనాటికి నాలుగేళ్లు దాటి అమ్ముడవుతూ ఉంది. రెండో ఆటకు దొరికింది ఏడాదిన్నర పైచిలుకు. వంద రోజులు ఆడిన సినిమా వసూళ్లను మూడో వారంలో ఉన్న సినిమా వసూళ్ల పక్కన పెట్టి రెండోది ఫ్లాప్ అని ఎవరైనా రాస్తే మన ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చున్న కుర్రాళ్లు కూడా ఒప్పుకోరు. గేముల విషయానికి వచ్చేసరికి మాత్రం అదే పోలిక ప్రశ్న లేకుండా చెల్లిపోతోంది.

నెలకు ఎన్ని అమ్ముడయ్యాయో చూస్తే మరీ ఆశ్చర్యం. చైన్స్ ఆఫ్ ఒలింపస్ 51 నెలల్లో 32 లక్షలు, అంటే నెలకు సుమారు 63 వేలు. ఘోస్ట్ ఆఫ్ స్పార్టా 19 నెలల్లో 12 లక్షలు, అదీ నెలకు సుమారు 63 వేలే. ఈ సగటును నెత్తిన పెట్టుకుని ఊరేగమని నేను చెప్పను. ఏ ఆటైనా మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువగా అమ్ముడవుతుంది, తర్వాత జోరు తగ్గుతుంది. కాబట్టి తక్కువ కాలం అంగడిలో ఉన్న ఆటకు ఈ సగటు కాస్త అనుకూలంగా పలుకుతుంది. రెండో ఆట మొదటిదాని కంటే నెమ్మదిగా అమ్ముడైందన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎంత నెమ్మది, ఎందుకు నెమ్మది అన్నది ఆ 32కీ 12కీ మధ్య తేడా చెప్పలేదు. జనం ఈ రకం ఆటనే కాదన్నారని అందులోంచి లాగడం మరీ అన్యాయం.

ఎందుకు నెమ్మది అన్నదానికి క్యాలెండర్ తిరగేస్తే చాలు. చైన్స్ ఆఫ్ ఒలింపస్ వచ్చేనాటికి గాడ్ ఆఫ్ వార్ 2 విడుదలై దాదాపు ఏడాది గడిచింది. మూడో భాగం ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. క్రేటోస్ అనే ఆ స్పార్టా వీరుడి కోసం ఆకలితో ఉన్నవాళ్లకు దొరికిన కొత్త కథ అది. ఘోస్ట్ ఆఫ్ స్పార్టా పరిస్థితి దీనికి పూర్తిగా తలకిందులు. 2009 నవంబర్‌లో పాత రెండు ఆటలు కలిపి సోనీ టీవీ యంత్రం పీఎస్3 మీదకు గాడ్ ఆఫ్ వార్ కలెక్షన్‌గా వచ్చాయి. 2010 మార్చిలో మూడో భాగం వచ్చి, కథను ఒలింపస్ పర్వతంతో సహా కూల్చి ముగించింది. అదే ఏడాది నవంబర్‌లో ఘోస్ట్ ఆఫ్ స్పార్టా. ఏడాది తిరిగేలోపు ఒకే వీరుడు మూడుసార్లు అంగడిలో నిలబడ్డాడు. కొనేవాడి జేబు ఒకటే కదా.

ఆ నవంబర్ నెలను కూడా చూడండి. ఘోస్ట్ ఆఫ్ స్పార్టా వచ్చిన వారానికే కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ వచ్చింది. మరో వారానికి అసాసిన్స్ క్రీడ్ బ్రదర్‌హుడ్, ఆ నెలాఖరుకు గ్రాన్ టురిస్మో 5. ఒంటి కదలికలతో ఆడించే మైక్రోసాఫ్ట్ కైనెక్ట్ కూడా ఘోస్ట్ ఆఫ్ స్పార్టా వచ్చిన వారమే అమెరికా అంగళ్లకెక్కింది. అంతకుముందు జూన్‌లోనే నింటెండో తన కొత్త చేతి యంత్రం 3డీఎస్‌ను చూపించేసింది. మూడు నెలలు తిరక్కుండా, 2011 జనవరిలో, సోనీయే స్వయంగా పీఎస్పీకి వారసుడిని ప్రకటించింది. తర్వాత పీఎస్ వీటా అనే పేరుతో వచ్చింది అదే. యజమానే పాత యంత్రానికి వీడ్కోలు చెబుతున్నప్పుడు దాని మీద 40 డాలర్ల కొత్త ఆట కొనమని ఎవరిని అడుగుతాం? అలాంటి ఋతువులో, అలాంటి యంత్రం మీద 12 లక్షల మంది డబ్బిచ్చి కొన్నారు. నన్నడిగితే అక్కడ ఆశ్చర్యపోవాల్సింది ఆ అంకె అంత పెద్దగా ఉన్నందుకు.

ఫోన్లు వచ్చి చేతి యంత్రాలను మింగేశాయి కాబట్టి ఎవరు చేసినా ఫలితం ఇంతే అనేవాళ్లూ ఉన్నారు. సరే, ఫోన్ల సంగతే తీసుకుందాం. 2010 డిసెంబర్‌లో, ఘోస్ట్ ఆఫ్ స్పార్టా వచ్చిన నెలకు, ఐఫోన్ మీద ఇన్ఫినిటీ బ్లేడ్ వచ్చింది. ధర 5 డాలర్ల 99 సెంట్లు. అదేమిటి? కత్తి పట్టుకుని రాక్షసులతో తలపడే ఆటే. అందులో వేలే కత్తి. ఆ ఆట విపరీతంగా ఆడింది. అంటే చేతిలో పట్టుకుని కత్తియుద్ధం చేయాలన్న కోరిక జనంలో చావలేదు. ఆ కోరికకు అడిగే ధర మారింది, దాన్ని తీర్చే యంత్రం మారింది. ఈ మార్పును పట్టుకుని ‘చేతి ఆటలు జనానికి అక్కర్లేదు’ అని తేల్చడం ఎంత పెద్ద పొరపాటో వేరే చెప్పాలా?

ఇక పెద్ద ఆటలతో పోల్చే లెక్కకు వద్దాం. గాడ్ ఆఫ్ వార్ మొదటి భాగం 46 లక్షలు, రెండోది 42 లక్షల పైన అమ్ముడయ్యాయి. వాటి ముందు 32 లక్షలు చిన్నదే. కానీ ఆ రెండూ ఆడింది పీఎస్2 మీద. ఆ యంత్రాలు ప్రపంచమంతటా 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. పీఎస్పీలు దాదాపు అందులో సగం, 7.5 కోట్లకు పైన. యంత్రాల లెక్కతో భాగించి చూస్తే పీఎస్2 ఉన్న ప్రతి నూరు ఇళ్లలో మూడింట మొదటి గాడ్ ఆఫ్ వార్ చేరింది. పీఎస్పీ ఉన్న ప్రతి నూరు మందిలో నలుగురికి పైగా చైన్స్ ఆఫ్ ఒలింపస్ కొన్నారు. చిన్న యంత్రం మీద ఆ పేరు పట్టు ఇంకా ఎక్కువ. పీఎస్3 మీద మూడో భాగం 52 లక్షలతో ఈ రెండింటినీ దాటిందనీ, ఆ యంత్రాలు అప్పటికి 6.4 కోట్ల దగ్గరే ఉన్నాయనీ ఎవరైనా గుర్తు చేస్తే కాదనను. ఆ వరుసలో అన్నిటికంటే పెద్ద పండగ ఆ ఆటే. కానీ చేతి ఆట మామూలుగానే వెనకబడుతుందన్న సూత్రం మాత్రం ఈ లెక్క ముందు నిలబడదు.

ఈ అంకెల్లో అసలు కనిపించని మనుషులూ ఉన్నారు. పీఎస్పీ తాళాన్ని విప్పడానికి లోపల ఏ చిప్పూ అతికించనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ మారిస్తే చాలు, మెమరీ స్టిక్ నిండా ఆటలు ఉచితంగా ఎక్కేవి. ఈ దొంగ కాపీల వల్ల అమ్మకాలు దెబ్బతిన్నాయని సోనీ అధికారులే బహిరంగంగా చెప్పుకున్నారు. మన దేశంలో ఆ రోజుల్లో పీఎస్పీ చేతపట్టిన కుర్రాళ్లకు ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. హైదరాబాద్‌లోనూ, విజయవాడలోనూ, విశాఖలోనూ యంత్రం కొన్న రోజే కొట్టువాడు పది ఆటలు ఎక్కించి ఇవ్వడం మామూలు. వాళ్లలో ఎంతమంది క్రేటోస్‌తో కలిసి అట్లాంటిస్‌లో నడిచారో ఏ లెక్కలోనూ లేదు. దొంగ కాపీని నేను సమర్థించడం లేదు. తయారు చేసినవాడి కూలి ఎగ్గొట్టడమే అది. కానీ ‘ఎవరూ ఆడలేదు’ అని అమ్మకాల పట్టిక చూపించి చెప్పేవాళ్లు ఆడినవాళ్లను లెక్కపెట్టలేదు, బిల్లులను లెక్కపెట్టారు.

ఇంతవరకూ అంకెల మాట. ఆ అంకెల వెనక దాక్కున్న అసలు నింద వేరే ఉంది. చేతి ఆటలంటే పెద్ద ఆటల మిగులు ముక్కలతో వండిన వంటకాలనీ, అసలు స్టూడియో వదిలేసిన పనిని ఎవరో చేతిలో పెట్టి చేయిస్తారనీ, కథకు అక్కర్లేని తోకలనీ అంటారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా నొప్పించేది ఈ మాట.

ఆ రెండు ఆటలనూ చేసింది కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో ఉన్న రెడీ ఎట్ డాన్ అనే స్టూడియో. నాటీ డాగ్‌లోనూ బ్లిజార్డ్‌లోనూ పనిచేసి బయటికొచ్చిన కొందరు 2003లో పెట్టుకున్నది. వాళ్ల మొదటి ఆట డాక్స్టర్, అదీ పీఎస్పీ కోసమే, 2006లో. ఆ యంత్రం లోపలి నరాలన్నీ తెలిసినవాళ్లు. పీఎస్పీ ప్రాసెసర్ 333 మెగాహెర్ట్జ్ వేగంతో నడవగలిగినా, బ్యాటరీ త్వరగా అయిపోకుండా సోనీ దాన్ని 222 దగ్గర కట్టేసి ఉంచింది. 2007లో వచ్చిన 3.50 ఫర్మ్‌వేర్‌తో ఆ కట్టు విప్పింది. ఆ పూర్తి వేగాన్ని ఒడిసిపట్టుకున్న ఆట చైన్స్ ఆఫ్ ఒలింపస్. అరచేతిలో తిరిగే చిన్న డిస్క్ మీద నుంచి కోటలూ, సేనలూ, రాక్షసులూ ఎక్కడా ‘లోడ్ అవుతోంది, ఆగండి’ అనే తెర అడ్డం పడకుండా దిగుతూ వచ్చేవి.

చేతుల సంగతి చూడండి. పీఎస్2 చేతిపిడికి రెండు స్టిక్కులు, పీఎస్పీకి ఒకటే. అది కూడా బొటనవేలి కింద జారే చిన్న బిళ్ల. పెద్ద ఆటల్లో కుడి స్టిక్కుతో క్రేటోస్ పక్కకు దొర్లి దెబ్బ తప్పించుకుంటాడు. ఆ స్టిక్కే లేనప్పుడు ఏం చేయాలి? భుజం బటన్లు రెండూ కలిపి నొక్కి, ఉన్న బిళ్లనే అటు తోస్తే దొర్లేలా మార్చారు. ఐదు నిమిషాల్లో వేళ్లకు అలవాటైపోతుంది. గాడ్ ఆఫ్ వార్ మొదటి నుంచీ కెమెరాను ఆడేవాడి చేతికి ఇవ్వదు, సినిమా దర్శకుడిలా తానే పెడుతుంది. అందువల్ల రెండో స్టిక్కు లేని లోటు ఇక్కడ తెలియనే తెలియదు. తన లక్షణానికి సరిగ్గా సరిపోయే చిన్న యంత్రాన్ని ఆ వరుస వెతుక్కుందా అనిపిస్తుంది. ఇది మిగులు ముక్కల వంటకమా?

కథకు అక్కర్లేని తోకలన్న మాటకు జవాబు ఆ రెండు ఆటల్లోనే ఉంది. చైన్స్ ఆఫ్ ఒలింపస్ చివర్లో క్రేటోస్ పుణ్యలోకమైన ఎలీసియంలో చనిపోయిన కూతురు కాలియోపీని కలుసుకుంటాడు. ఆమె దగ్గర ఉండటానికి ఆయుధాలూ శక్తులూ అన్నీ వదిలేస్తాడు. కానీ పెర్సెఫొనీ అనే దేవత పన్నాగం వల్ల లోకాన్ని మోసే స్తంభం కూలబోతోంది, అది కూలితే ఆ కూతురి ఆత్మ కూడా మిగలదు. ఆమెను కాపాడాలంటే ఆమెను విడిచి వెళ్లాలి. అక్కడ ఆట మనల్ని ఏం చేయమంటుందో తెలుసా? కాళ్లకు చుట్టుకున్న పసిపిల్లను దూరంగా నెట్టడానికి ఒకే బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కమంటుంది. అప్పటిదాకా రాక్షసుల మెడలు విరవడానికి వాడిన బటన్ అది. అదే బటన్, అదే వేగం, చేస్తున్న పని వేరు. నొక్కుతున్న వేలు మనది కాబట్టి తప్పించుకోలేం. ఇంత ధైర్యమైన సన్నివేశం పెద్ద యంత్రాల మీద వచ్చిన ఆ కాలపు గాడ్ ఆఫ్ వార్ ఆటల్లో లేదని నేను గట్టిగా అంటాను. దాన్ని 4.3 అంగుళాల తెర మీద చూశామా 50 అంగుళాల తెర మీద చూశామా అన్నది ఆ క్షణంలో గుర్తే ఉండదు.

ఘోస్ట్ ఆఫ్ స్పార్టా ఇంకా లోతుకు వెళ్లింది. క్రేటోస్ ఒంటి మీద ఎర్రటి పచ్చబొట్టు ఒకటి ఉంది. ముఖం మీదుగా, ఛాతీ మీదుగా, భుజం చుట్టూ. 2005 నుంచి ప్రతి ఆటలో, ప్రతి పోస్టర్ మీద, ప్రతి బొమ్మ మీద కనిపిస్తుంది. ఆ వరుసకు అదే ముఖచిత్రం. అది ఎందుకు ఉందో చెప్పింది ఏ పెద్ద ఆటా కాదు, 12 లక్షలే అమ్ముడైన ఈ చిన్న ఆట. అతనికి డీమోస్ అనే తమ్ముడు ఉండేవాడు. ఒంటి మీద పుట్టుమచ్చ గల యోధుడి చేతిలో ఒలింపస్ నాశనమవుతుందన్న జోస్యం విని దేవతలైన ఆరెస్, అథీనా వచ్చి చిన్నపిల్లవాడిగా ఉన్న డీమోస్‌ను ఎత్తుకుపోయారు. అడ్డుపడిన క్రేటోస్‌ను ఆరెస్ కొట్టిన దెబ్బే అతని కంటి మీద గాటు. కాపాడలేకపోయిన తమ్ముడి పుట్టుమచ్చను పచ్చబొట్టుగా తన ఒంటి మీద పొడిపించుకున్నాడు. 2018లో గ్రీకు లోకం వదిలి నార్స్ దేవతల మంచు దేశానికి వెళ్లినప్పుడు కూడా, గడ్డం పెరిగి వయసు మళ్లిన క్రేటోస్ ఒంటి మీద ఆ గుర్తు అలాగే ఉంది. కోట్ల కాపీలు అమ్ముడైన ఆ కొత్త ఆటల్లో తెర నిండా కనిపించే గుర్తుకు అర్థం చెప్పిన ఆటను తోక అంటారా?

ఇంకో విషయం కూడా ఈ నిందను కొట్టేస్తుంది. 2011లో ఈ రెండు ఆటలనూ స్పష్టత పెంచి పీఎస్3 మీద ఆరిజిన్స్ కలెక్షన్ పేరుతో విడుదల చేశారు. చిన్న తెర కోసం కట్టిన గోడలూ గుడులూ పెద్ద టీవీ మీద నిలబడ్డాయి. 2012 జూన్ నాటికి 7 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఈ 7 లక్షలను చేతి ఆటల ఖాతాలో ఎవరూ వేయరు. అక్కడ యంత్రం మారింది గానీ ఆట మారలేదు కదా!

గాడ్ ఆఫ్ వార్ ఒక్కదాన్నే పట్టుకుని మాట్లాడుతున్నాననుకుంటారేమో, జపాన్ వెళదాం. క్యాప్‌కామ్ సంస్థ 2004లో పీఎస్2 మీద మాన్‌స్టర్ హంటర్ విడుదల చేసింది. ఇది అచ్చమైన హాక్ అండ్ స్లాష్ కాదు, వేట ఆట అని కొందరు వేరు చేస్తారు. చేతిలో కత్తి, ఎదురుగా మృగం, దెబ్బకు దెబ్బ. మన చర్చకు ఆ దగ్గరితనం చాలు. పెద్ద యంత్రం మీద అది ఓ మోస్తరుగా ఆడింది. దాన్ని పోర్టబుల్ అనే పేరుతో పీఎస్పీ మీదకు తెచ్చాక జాతర మొదలైంది. ఇక్కడ కెమెరా తిప్పడానికి రెండో స్టిక్కు కావాలి, అది లేదు. ఆడేవాళ్లు ఎడమచేతి చూపుడువేలిని పంజాలా వంచి బాణం బటన్ల మీద పెట్టుకుని, బొటనవేలితో నడుస్తూ, చూపుడువేలితో కెమెరా తిప్పడం నేర్చుకున్నారు. ఆట కోసం జనం తమ చేతినే మార్చుకున్నారు. పక్కపక్కన కూర్చున్న నలుగురు యంత్రాలను వైర్‌లెస్‌తో కలుపుకుని ఒకే మృగాన్ని వేటాడవచ్చు. టీవీ ముందు అది కుదరదు, జేబులో యంత్రం ఉంటేనే కుదురుతుంది.

ఆ వరుసలో పోర్టబుల్ థర్డ్ 2010 డిసెంబర్ 1న వచ్చింది. తేదీ గమనించండి. ఘోస్ట్ ఆఫ్ స్పార్టా వచ్చిన సరిగ్గా నెలకు, అదే పీఎస్పీ మీద, ‘చచ్చిపోయిన యంత్రం’ అని అమెరికాలో అందరూ అంటున్న దాని మీద. అమెరికా, యూరప్ అంగళ్లలో అది విడుదలే కాలేదు. అయినా 49 లక్షలు అమ్ముడైంది. దాని తర్వాత క్యాప్‌కామ్ నాలుగో ప్రధాన భాగాన్ని 2013లో నేరుగా నింటెండో 3డీఎస్‌కే ఇచ్చింది. పిల్ల శాఖ అనుకున్నదే చెట్టు మానైంది. అది జపాన్, రైళ్లలో గంటలు గడిపే జనం, మనకు వర్తించదు అంటారు కొందరు. సరే, వర్తించదనే అనుకుందాం. అలాగైతే ఘోస్ట్ ఆఫ్ స్పార్టా అమ్మకాలు కూడా ఒక దేశం, ఒక సీజన్, ఒక ప్రచార బడ్జెట్ కథే తప్ప చేతి యంత్రాల స్వభావం గురించిన సత్యం కాదని ఒప్పుకోవాలి. రెండు వైపులా లాభం తీసుకోవడం కుదరదు.

చెడ్డ చేతి ఆటలు లేవని నేను అనను. పీఎస్పీ తొలి రోజుల్లో వచ్చిన డైనాస్టీ వారియర్స్ విశాలమైన రణభూమిని చిన్న చిన్న గడులుగా కోసి పెట్టింది. వెయ్యి మందిని ఒక్కడే చెదరగొట్టే ఉత్సాహం ఆ కోతలో పోయింది. పెద్ద ఆటను కత్తిరించి చిన్న పెట్టెలో కుక్కితే అంతే. దానికి తప్పు పట్టండి, నేనూ పడతాను.

కానీ పెట్టెను చూసి ఆటను కొత్తగా ఊహించినవాళ్లూ ఉన్నారు. టోమోనోబు ఇటగాకి నాయకత్వంలో టీమ్ నింజా 2008లో నింటెండో డీఎస్ కోసం చేసిన నింజా గైడెన్ డ్రాగన్ స్వోర్డ్ అలాంటిది. ప్రపంచంలోనే అతి కష్టమైన ఆటల్లో ఒకటిగా పేరుపడ్డ వరుస అది. బటన్లు అరిగిపోయేలా నొక్కాల్సిన ఆటను వాళ్లు పుస్తకంలా నిలువుగా పట్టుకుని, స్టైలస్‌తో తెర మీద గీతలు గీసి ఆడేలా మార్చారు. గీసిన దిక్కునే కత్తి దూస్తుంది. మంత్రశక్తి వాడాలంటే తెర మీద ఒక సంస్కృత అక్షరాన్ని దిద్దాలి. బౌద్ధంతో పాటు జపాన్ చేరిన లిపి అది, పలకల మీద అక్షరాలు దిద్దిన మన చేతులకు ఇంకాస్త దగ్గరగా అనిపిస్తుంది. ఈ అనుభవాన్ని ఎక్స్‌బాక్స్ మీద ఊహించండి చూద్దాం. పెద్ద యంత్రం చేయలేని పనిని చిన్నది చేసిందక్కడ. దీన్ని కూడా ‘అసలు నింజా గైడెన్ అంత అమ్ముడు కాలేదు’ అనే ఒక్క వాక్యంతో కొట్టేసే విమర్శకులను చూస్తే నాకు కోపమే వస్తుంది.

ఈ తప్పుడు తీర్పు ఖరీదు ఎవరు కట్టారు? వీటా వచ్చింది. పీఎస్పీ కంటే ఎన్నో రెట్లు బలమైన యంత్రం. అడిగి అడిగి అలిసిపోయిన రెండో స్టిక్కు కూడా ఉంది. దాని కోసం కొత్త గాడ్ ఆఫ్ వార్ ఒక్కటి కూడా రాలేదు. 2014లో పీఎస్2 నాటి పాత ఆటల కలెక్షన్‌ను దాని మీదకు తెచ్చి చేతులు దులుపుకున్నారు. ఆ యంత్రం ఎందుకు ఆడలేదంటే ఖరీదైన మెమరీ కార్డుల దగ్గర్నుంచి ఎన్నో కారణాలు చెప్పవచ్చు. కొనడానికి కారణమయ్యే ఆటలు లేకపోవడం వాటిలో మొదటిది. అమ్మకాలు ఉండవన్న నమ్మకంతో ఆటలు చేయలేదు, ఆటలు లేక యంత్రం అమ్ముడుపోలేదు, అదిగో చూశారా అని మళ్లీ అదే నమ్మకానికి రుజువుగా చూపించారు. రెడీ ఎట్ డాన్ 2015లో పీఎస్4 కోసం ది ఆర్డర్ 1886 చేసింది, తర్వాత వీఆర్ ఆటల వైపు వెళ్లింది. 2020లో ఫేస్‌బుక్ కొనుక్కుంది. 2024 ఆగస్టులో ఆ స్టూడియో మూతపడింది. చిన్న యంత్రం నుంచి అంత పని రాబట్టిన చేతులకు మళ్లీ అలాంటి యంత్రం ఎవరూ ఇవ్వలేదు.

తర్వాత ఏం జరిగింది? 2017లో నింటెండో స్విచ్ వచ్చి టీవీకీ చేతికీ మధ్య గోడనే పడగొట్టింది. 2020 నవంబర్‌లో ఆ యంత్రం కోసం హైరూల్ వారియర్స్ ఏజ్ ఆఫ్ కెలామిటీ వచ్చింది. జెల్డా లోకంలో నడిచే డైనాస్టీ వారియర్స్ తరహా ఆట, ముమ్మాటికీ హాక్ అండ్ స్లాష్ స్పిన్-ఆఫ్. నాలుగు రోజుల్లో 30 లక్షల కాపీలు దాటింది. కోయీ టెక్మో దశాబ్దాలుగా చేస్తున్న వారియర్స్ ఆటలన్నిటిలోనూ అమ్మకాల్లో అదే మొదటి స్థానానికి ఎక్కింది. జెల్డా పేరు వల్ల అమ్ముడైందంటారా? అవును, ఆ పేరూ సాయపడింది. గాడ్ ఆఫ్ వార్ పేరు మాత్రం చిన్నదా? పేరున్న ఆటను, మంచి కాలంలో, యజమాని ఇంకా ప్రేమిస్తున్న యంత్రం మీద, సరైన పనితనంతో ఇస్తే జనం కొంటారు. చేతిలో పట్టుకునే యంత్రమైనా కొంటారు.

ఇప్పుడు స్టీమ్ డెక్ లాంటి చేతి కంప్యూటర్లు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. వాటి మీద పెద్ద ఆటలు చాలావరకు యథాతథంగా నడుస్తాయి. సంతోషమే. కానీ చేతి కోసం, ఆ చిన్న తెర కోసం, మధ్యలో ఆపి జేబులో పెట్టుకునే ఆ అలవాటు కోసం మొదటి గీత నుంచీ ఊహించి చేసిన కత్తియుద్ధపు ఆటలు ఎన్ని? ప్రచురణకర్తల ముందు ఎవరైనా అలాంటి ప్రతిపాదన పెడితే ఎవరో ఒకరు ఆ 32నూ 12నూ బయటికి తీస్తారని నాకు తెలుసు. అలాంటి చోట కూర్చునే తెలుగు ఇంజనీర్లు, డిజైనర్లు హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ అమెరికాలోనూ ఉన్నారు. వాళ్లకు నా మనవి: ఆ అంకెలు బల్ల మీదకు వచ్చినప్పుడు ఊరుకోవద్దు. ఏ తేదీ నాటి లెక్క అని అడగండి.

పాఠకులకు చెప్పేది ఇంతే. ఘోస్ట్ ఆఫ్ స్పార్టా ఆడకుండానే దాన్ని విఫలమైన ఆట అని నమ్మినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పాత పీఎస్పీ ఎవరి అలమారలోనైనా ఉంటే అడిగి తీసుకోండి, లేదా పీఎస్3 మీద ఆరిజిన్స్ కలెక్షన్ వెతకండి. రెండు మూడు సాయంత్రాల్లో పూర్తవుతుంది. ముందు ఆడండి, వాదన ఆ తర్వాత పెట్టుకుందాం.